ఇల్ఫీడు సారు గీసిన గీత

మోకాల్లో ఏందో తెగిన చప్పుడు
తనొక్కడికే ఇనపడిందంట,
మద్రాసులో, సెమీఫైనల్లో, నలభై ఒకటో నిమిషంలో.
మిగతా ఎనిమిది వేలమంది
బంతి దిక్కు చూస్తా ఉండినారంట.

ఆ చప్పుడు మోసుకోని
గుంతకల్లు జంక్షన్లో దిగినాడు విల్‌ఫ్రెడ్ కార్నీలియస్.
ఇనుప పెట్టె ఒకటి, ఈల ఒకటి,
గార్డు పని చేసిన నాయన వదిలిపోయిన
పచ్చ జెండా ఒకటి.
మా నోట్లో పేరు పట్టక
వారం తిరగకముందే ఇల్ఫీడు సారయినాడు.

దొర అనుకున్యాం.
మొదటిరోజే గ్రౌండులో నోరు తెరిచి
"బంతి ఈడుంటే యాడికి పోతాండవురా, ఎనుముకు పుట్టినోడా!" అన్యాడు.
ఆయన పుట్టింది మా రైల్వే ఆసుపత్రిలోనేనంట.

లోకోషెడ్డు టీము మాది.
జిల్లా లీగులో రెండో డివిజను,
మూడోది లేదు గనక.
పాయింట్స్‌మన్ బోయ హనుమంతు
నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చి
సెంటర్ హాఫులో నిలబడే నిద్రపోతాండె.
తాడిపత్రిలో నాపరాళ్ళు కోసే ఓబులేసు
హెడ్డింగు చేస్తే జుట్టులోంచి దుమ్ము లేస్తాండె.
నేను పార్సిలాఫీసు హమాలీని.
"మూటలు పట్టే చేతులు బంతి పట్టవా?" అని
నన్ను గోల్లో నిలబెట్టినాడు.

గడ్డి లేదు ఆ నేలకి.
గరుసు. పడితే తోలు దానికే.
ఆదివారం తెల్లారకముందే
సున్నం డబ్బా పట్టుకోని
కుంటికాలు ఈడ్చుకుంటా తనే గీస్తాండె గీతలు.
అందుకే మా టచ్ లైను
పట్టాల పక్కకి ఒక మూర వంగి ఉంటాండె.
రెఫరీలు తిట్టేవాళ్ళు.
వచ్చిన టీములు నవ్వేవాళ్ళు.
మేం మాత్రం ఆ వంకరలో పరిగెత్తడం నేర్చుకున్యాం.

మొదటేడు పదకొండు ఆటలు.
తొమ్మిది పోయినాయి, ఒకటి సమానం.
పదకొండోది, ధర్మవరమోళ్ళ బస్సు పామిడి కాడ చెడిపోతే
ఉత్తపుణ్యానికి గెల్చినాం.
దాన్ని గూడా ఎర్రసిరాతో రాసుకున్యాడు నోటుబుక్కులో.

ఇన్‌స్టిట్యూటు సెక్రెటరీ మారినాడు, సారూ మారినాడు.
నంద్యాలలో ఏడాది.
ప్రొద్దుటూరులో ఆర్నెల్లు.
ఎమ్మిగనూరులో పదమూడు రోజులు.
ఎమ్మిగనూరు సంగతి అడిగితే
చెంబెత్తి నీళ్ళు తాగేవాడు.
మళ్ళా మా గుంతకల్లు.

ఆ ఏడే, ఆఖరాట, నంద్యాల మీద.
సమానం చేస్తే చాలు, పైకి పోతాం.
చివరి నిమిషంలో పెనాల్టీ.
యాడికి దూకాల సార్, అని చూసినా.
ఆయన వీపు తిప్పుకోని
పోయే గూడ్సు బండి చూస్తాండాడు.
ఎడమకి దూకినా.
బంతి కుడికి పోయింది, తీరుబడిగా.

రాత్రి స్టేషన్లో అందరికీ ఉగ్గాని, బజ్జీ పెట్టించినాడు.
ఎవురూ నోరెత్తలే.
"యాభై ఎనిమిది వ్యాగన్లురా" అన్యాడు, మిరపకాయ కొరుకుతా.
అంతే.

మరుసటేడు రెండు టీములు ఎత్తిపోతే
పైకెక్కినాం.
ఆ పై ఏడు మళ్ళా దిగినాం,
ప్లాట్‌ఫారం మార్చినట్టు.

పోయేముందు పెట్టె హనుమంతుకి ఇచ్చినాడు,
నోటుబుక్కు నాకు.
ఇంగ్లీషులో రాసిందాన్ని
టీసీ కొడుకుతో చదివించుకున్యా.
నంద్యాల ఆట కాడ స్కోరు లేదు.
"గాలి లేదు. పీరా ఎడమకి.
నేనయినా ఎడమకే" అని ఉండాది.
వీపు తిప్పుకున్నోడికి ఎట్ల తెలిసిందో!

ఇప్పుడు పిల్లోళ్ళకి నేనే చెప్తాండా.
ఆదివారం తెల్లారకముందే
సున్నం డబ్బా పట్టుకోని నడుస్తా,
దారం కట్టుకోని, అడుగు అడుగూ చూసుకోని.
నా కాళ్ళు రెండూ బాగనే ఉండాయి.
గీత మాత్రం
పట్టాల పక్కకే పోతాంది.